రియాక్టర్ దగ్గర ఎంగెల్స్

వస్తువు మనకెలా కనిపిస్తుందో తెలుస్తుంది గానీ, అసలు దాని స్వరూపమేమిటో ఎన్నటికీ తెలియదన్నాడు కాంట్. 1886లో ఎంగెల్స్ దీనికి రసాయనశాస్త్రంతో జవాబిచ్చాడు. అలిజరిన్ అనే ఎర్రరంగును అంతకుముందు మంజిష్ఠ జాతి మొక్క వేళ్ల నుంచి తీసేవారు. తర్వాత బొగ్గు తారు నుంచే చవగ్గా చేయడం వచ్చేసింది. మన చేత్తో తయారుచేయగలిగాక ఇంకా అందని రహస్యం ఏం మిగిలింది? ఇదీ ఆయన వాదన.

ఆ లెక్కన హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారంలలో మందుల ముడిసరుకు చేసే బల్క్‌డ్రగ్ కంపెనీల్లో కాంట్ ప్రతి షిఫ్టులోనూ ఓడిపోవాలి. ఓడిపోతున్నాడు కూడా. కానీ ఎంగెల్స్‌కు దక్కిన ఆ గెలుపులో ఎంత తెలిసిందన్నదే అసలు పేచీ.

ఈ పేచీ తేలాలంటే ముందు ఆచరణ అంటే ఏమిటో చూడాలి. సిద్ధాంతం పైన తయారవుతుంది, కింద అమలవుతుంది, ఆ అమలే ఆచరణ అని చాలామంది మార్క్సిస్టులే అనుకుంటారు. ఇది గుమాస్తా ఆలోచన. మార్క్స్ 1845లో ఫాయర్‌బాఖ్ మీద రాసుకున్న పదకొండు సూత్రాలు దీన్ని తలకిందులు చేశాయి. పాత భౌతికవాదులు ప్రపంచాన్ని చూసే వస్తువుగానే తీసుకున్నారనీ, మనిషి చేతల్లోంచి అది మారుతుందన్న సంగతి వదిలేశారనీ ఆయన ఫిర్యాదు. ఆలోచన నిజమో కాదో తేలేది పనిలోనే.

సెంట్రిఫ్యూజ్ దగ్గర నిలబడే ఆపరేటర్‌ని చూడండి. లోపల తడి ముద్ద (కేక్) సమంగా పరుచుకోకపోతే మోత మారుతుంది, మిషన్ అదురుతుంది. మీటర్ వైపు చూడకముందే అతని చెయ్యి స్విచ్ మీదికి పోతుంది. పని ఎలా చేయాలో చెప్పే ఎస్‌వోపీ కాగితంలో ఆ మోత గురించి ఉండదు. అలాగని అనుభవం ఒక్కటే చాలదు. సాల్వెంట్ ఆవిరి ఎప్పుడు అంటుకుంటుందో చెవికి తెలియదు. పదేళ్లుగా అదే మిషన్ నడుపుతున్నా తన పేరు కంపెనీ రిజిస్టర్‌లో కాకుండా కాంట్రాక్టర్ పుస్తకంలో ఎందుకుందో కూడా మోత చెప్పదు. 1937లో మావో ‘ఆచరణ గురించి’ రాసినప్పుడు పుస్తకాల పండితులతో పాటు, అనుభవమే చాలునన్నవాళ్లనూ తప్పుపట్టింది ఇందుకే.

ఇక మందు తయారయ్యే రియాక్టర్ లోంచి రెండు బయటికొస్తాయి. ఒకటి సరుకు, రెండోది కాలువలోకి పోయేది. పటాన్‌చెరు ప్రాంతంలో పారే నక్కవాగు వెంట ఊళ్ల రైతులకు ఈ రెండోదాని సంగతి ఏ నివేదికా రాకముందే తెలుసు. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు లాంటివారు ఈ కాలుష్యం మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి కంపెనీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! అదీ ‘శుద్ధి’ అయిన నీళ్లలో. మందు చేయడం తెలిసింది, నిజమే. మందు చేయడమంటే ఏమేం జరుగుతుందో తెలియలేదు. ప్రకృతి మీద గెలిచామని మురిసిపోవద్దని ఎంగెల్సే ‘ప్రకృతి గతితర్కం’లో హెచ్చరించాడు. అలిజరిన్ ఉదాహరణ పక్కన ఆ పేజీని కూడా పెట్టుకుని చదవాలి. మన స్టడీ సర్కిళ్లలో ఎంతమంది అలా చదివారో గానీ!

2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తయారుచేసే ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా కార్మికులు పోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే గానీ ఎవరు ఎవరో తేలని పరిస్థితి. మండే గుణమున్న మెత్తటి పొడి గాలిలో తేలుతూ అంటుకుంటే పేలగలదన్నది పాత జ్ఞానమే. అది పుస్తకంలో ఉంది. పొడి ఎక్కడ పేరుకుంటుందన్నది పనిచేసేవాడి కంటికి తెలుసు. ఈ రెండూ కలవాలంటే కార్మికుడి నోరు పెగలాలి. రేపు పనికి రావద్దని ఒక్క మాటతో పంపించేయగలిగే కాంట్రాక్ట్ పద్ధతిలో అదెలా పెగులుతుంది?

కార్మికుడి నోరు పెగలడానికి మార్క్స్ దగ్గర ఒక పనిముట్టు ఉంది. 1880లో ఒక ఫ్రెంచ్ పత్రిక కోసం కార్మికులకు దాదాపు వంద ప్రశ్నలు తయారుచేశాడు. గాలి, వెలుతురు, ప్రమాదాలు, మిషన్లకు రక్షణ తొడుగులు, పనిగంటలు, కూలి. జవాబు రాయాలంటే కార్మికుడు తన ఫ్యాక్టరీని కొత్తగా చూడాలి. ఆ చూపులోనే సిద్ధాంతం మొదలవుతుంది. ఆ ప్రశ్నావళిని పాశమైలారం గేటు దగ్గర హిందీలో, ఒడియాలో, తెలుగులో పంచితే కొన్ని ప్రశ్నలు కొత్తగా చేర్చాలి. డ్రయ్యర్ చివరిసారి ఎప్పుడు తుడిచారు? ఈ పూట లోపల ఎంతమంది ఉన్నారో ఎవరి దగ్గర రాసుంది? రాత్రి వ్యర్థాల ట్యాంకర్ ఎటు పోతుంది? ఆ వాగు కింద మీకు పొలం ఉందా?