చెరువు అందరిది, రేవు ఎవరిది?

2015, 2016లలో ఈ దేశంలో ఇంటర్నెట్ స్వేచ్ఛ గురించి పెద్ద వాదం నడిచింది. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి చేరాయి. ఫేస్‌బుక్ అంతటి కంపెనీ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎక్కడ సభ జరిగినా 'మనం గెలిచాం' అని చెప్పుకుంటున్నారు. గెలుపు నిజమే. దాన్ని తక్కువ చెయ్యడానికి కాదు మేమీ వ్యాసం రాస్తున్నది. కానీ ఆ 'మనం'లో మేమున్నామా, ఉంటే ఏ మూల ఉన్నాం అని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. మా వాళ్లు కూడా ఇదేదో కంప్యూటర్ చదువుల వాళ్ల గొడవలే అని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం మీద కూడా మాకు విమర్శ ఉంది.

జరిగిందేమిటో ముందు చెప్పుకోవాలి, ఇప్పుడు యూనివర్సిటీకి వస్తున్న పిల్లలకు అది చిన్నతనంలో జరిగిన సంగతి. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే పథకాన్ని ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అని మార్చారు. డేటాకు డబ్బు కట్టకుండానే కొన్ని సైట్లు చూడొచ్చు. ఆ కొన్నిటిలో ఫేస్‌బుక్ ఉంటుంది. మిగతావి ఏ షరతుల మీద లోపలికి రావాలో ఫేస్‌బుక్కే చెబుతుంది. అసలు ఇంటర్నెట్ మొత్తం కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

దీనికి ఎదురుగా నిలబడ్డ సూత్రాన్ని నెట్ న్యూట్రాలిటీ అన్నారు. పేరు కొత్తదే గానీ సంగతి పాతదే. పోస్టాఫీసు ఉత్తరం తూకం చూసి స్టాంపు అడుగుతుంది, లోపల ఎవరు ఏం రాశారో చూసి అడగదు. ఇంటర్నెట్ మోసే కంపెనీ కూడా అట్లాగే ఉండాలి. అయితే ఆ పోస్టాఫీసు సంగతి కూడా మాకు తెలుసు. మా నాయన పేరు మీద వచ్చిన ఉత్తరం పల్లెలోకి వచ్చేది కాదు. ఊళ్లో ఒకరి అరుగు మీద పడి ఉండేది. ఎవరో విప్పి చదివాక, ఎవరో కేకేస్తే పోయి తెచ్చుకోవాలి. సూత్రం తూకం గురించి చెప్పింది, అరుగు గురించి చెప్పలేదు. మేము మాట్లాడదలచుకున్నది ఆ అరుగు గురించే.

ఫ్రీ బేసిక్స్‌ను సమర్థించినవాళ్లు పట్టుకున్న మాట 'ఏమీ లేనివాడికి ఏదో ఒకటి దొరుకుతుంది గదా' అన్నది. ఈ మాట మేము పుట్టినప్పటినుంచీ వింటున్నాం. టీ కొట్టు చూరులో మా కోసం వేరే గ్లాసు పెట్టినవాడు కూడా మాకు టీ పొయ్యనని అనలేదు. పోశాడు. అదే పాలు, అదే టీ, తేడా గ్లాసులోనే. డబ్బున్నవాడికి ఒక ఇంటర్నెట్, లేనివాడికి ఒక ఇంటర్నెట్ అన్నదాన్ని అందుకే రెండు గ్లాసుల పద్ధతి అంటున్నాం. పోలిక పూర్తిగా అతకదని మాకూ తెలుసు. డబ్బు కట్టినవాడు ఫ్రీ బేసిక్స్ దాటి పోవచ్చు. చూరులో గ్లాసు దాటి పోవడానికి డబ్బు ఒక్కటే చాలలేదు. కానీ ఈ దేశంలో డబ్బు లేనివాళ్లలో ఎవరెక్కువో వేరే లెక్క తియ్యక్కర్లేదు.

2015 డిసెంబరు చివర్లో మార్క్ జుకర్‌బర్గ్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఒక వ్యాసం రాశాడు. లైబ్రరీలో అన్ని పుస్తకాలూ ఉండవు, సర్కారు ఆస్పత్రిలో అన్ని రోగాలకూ వైద్యం ఉండదు, సర్కారు బడిలో అన్ని విషయాలూ చెప్పరు, అయినా అవి మేలు చేస్తున్నాయి గదా, ఫ్రీ బేసిక్స్ కూడా అట్లాంటిదే అని దాని సారాంశం. సర్కారు ఆస్పత్రిలో పుట్టి, సర్కారు బడిలో చదివి, శాఖా గ్రంథాలయంలో పేపరు చదవడం నేర్చుకుని ఇంతదాకా వచ్చినవాళ్లం మేము. ఈ పోలికకు జవాబు చెప్పాల్సింది మేమే. లైబ్రరీలో పుస్తకాలు తక్కువే, ఒప్పుకుంటాం. కానీ ప్రతి పాఠకుడూ ఒక కంపెనీ గుమ్మంలోంచే లోపలికి పోవాలనే షరతు అక్కడ లేదు. ఫ్రీ బేసిక్స్‌లో చూసేదంతా ఫేస్‌బుక్ సర్వర్ల మీదుగానే పోయేది. సర్కారు బడి బాగాలేకపోతే ఎమ్మెల్యేను నిలదీయొచ్చు, కలెక్టరాఫీసు ముందు కూర్చోవచ్చు. కాలిఫోర్నియా కంపెనీ మీద అలిగితే ఎవరి గేటు ముందు కూర్చోవాలి? బడీ, ఆస్పత్రీ మాకు కొట్లాడితే వచ్చాయి, దానంగా రాలేదు. హక్కునీ దానాన్నీ ఒకే గాటన కట్టడమే ఆ వ్యాసంలోని అసలు కిటుకు.

ఇక ఎదురు నిలిచినవాళ్ల సంగతి. వాళ్ల వాదం చాలావరకు రెండు విషయాల చుట్టూ తిరిగింది. ఒకటి వినియోగదారుడి ఎంపిక, కొత్త స్టార్టప్‌ల బతుకు. రెండోది దేశాభిమానం: మళ్లీ ఈస్టిండియా కంపెనీ వచ్చింది అన్నారు. 2016 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ బోర్డు సభ్యుడు మార్క్ ఆండ్రీసెన్, వలసవాద వ్యతిరేకత వల్లే భారతీయులు నష్టపోయారనే అర్థం వచ్చేట్టు ట్విట్టర్‌లో రాసి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. ఇక ఆ వారమంతా చూడాలి ఆవేశం! ఆ అహంకారాన్ని ఖండించాల్సిందే. కానీ సముద్రం అవతలి వలసవాదం అంత స్పష్టంగా కనిపించిన కళ్లకు, ఊరికీ పల్లెకూ నడుమనున్న నాలుగడుగుల దూరం ఎందుకు కనబడలేదు?

ఆ వాదం బాగా వేడి మీదున్న రోజుల్లోనే, 2016 జనవరి 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టల్లోంచి వెళ్లగొట్టబడి, క్యాంపస్‌లో వెలివాడ వేసుకుని ఉన్న అయిదుగురిలో అతనొకడు. అతను ఫేస్‌బుక్‌లో రాసుకున్న రాతల్ని తర్వాత పుస్తకంగా వేశారు. అదే నెల, అదే ఇంటర్నెట్. అయినా రెండు వాదాలూ ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కనే నడిచిపోయాయి.

అట్లాగని 'వాళ్ల ఇంటర్నెట్ గొడవ వాళ్లది' అందామా? అనలేం. 1920 జనవరిలో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పత్రిక పెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా దాని ప్రకటన వెయ్యడానికి తిలక్ స్థాపించిన 'కేసరి' ఒప్పుకోలేదు. ఏది మొయ్యాలో ఏది మొయ్యకూడదో ఎంచుకునే అధికారం మోసేవాడికి ఇస్తే మొట్టమొదట కింద పడేది ఎవరి మూటో దీన్నిబట్టి తెలుస్తున్నది. ఇంటర్నెట్ వచ్చాక మా వాళ్లు ఏ ఎడిటర్ గడపా తొక్కకుండా మాట్లాడగలిగారు. హైదరాబాదులో పరిశోధక విద్యార్థిగా ఉన్న రవిచంద్రన్ మొదలుపెట్టిన 'దళిత్ కెమెరా' చూడండి. పెద్ద పత్రికలు అడగని మనుషులను అడిగి, వాళ్లు చెప్పింది వీడియోగా యూట్యూబ్‌లో పెట్టింది. ఫ్రీ బేసిక్స్ నియమాల ప్రకారం వీడియోలకు, ఇంటర్నెట్ కాల్స్‌కు, పెద్ద ఫొటోలకు చోటు లేదు. చిన్న ఫోన్లకు, సన్నటి సిగ్నల్‌కు బరువు పడకూడదని కారణం చెప్పారు. కారణం సాంకేతికమే కావొచ్చు. కానీ మా ముసలివాళ్లు చదవలేరు, చెప్పగలరు. మా చరిత్ర రాతలో కన్నా మాటలో, పాటలో, డప్పులో ఎక్కువుంది. పేదవాడి కోసమని చెప్పి అక్షరాలు మాత్రమే ఉంచిన ఇంటర్నెట్ ఎవరికి పనికొస్తుందో ఆ పథకం తయారుచేసినవాళ్లకు తట్టలేదు. ఎదిరించినవాళ్లు కూడా ఈ సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. చూసే సైటును బట్టి డేటా ధర మార్చకూడదు, మారిస్తే రోజుకు 50,000 రూపాయల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. మంచి నిబంధన. దాన్ని చదివినప్పుడు మాకు మహద్ గుర్తొచ్చింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చెరువులు, బావులు అందరివీ అని బొంబాయి శాసనమండలి తీర్మానించింది 1923లో. మహద్ మునిసిపాలిటీ తన చవదార్ చెరువును అందరికీ తెరిచినట్టు తీర్మానించింది 1924లో. అంబేడ్కర్ జనంతో నడిచిపోయి ఆ నీళ్లు తాగింది 1927 మార్చి 20న. ఆ వెంటనే సవర్ణులు చెరువును 'శుద్ధి' చేశారు, కోర్టుకు పోయారు. హైకోర్టులో అంబేడ్కర్ పక్షం గెలిచేసరికి 1937. కాగితం మీద తెరుచుకున్న చెరువు నిజంగా తెరుచుకోవడానికి అన్నేళ్లు. అయినా ఆ తీర్మానం లేకపోతే నిలబడి వాదించడానికి కాలికింద నేలే ఉండేది కాదు. ట్రాయ్ నిబంధన మాకు అట్లాంటి కాగితం. 1985 జూలైలో కారంచేడు గొడవ మొదలైంది కూడా మాదిగపల్లె జనం తాగే చెరువు దగ్గరే అన్నది మేం మర్చిపోలేదు.

నీళ్లూ ఇంటర్నెట్టూ ఏం పోలికయ్యా అంటారేమో. 2016 మార్చిలో వైస్ ఛాన్సలర్ తిరిగి వచ్చాక అదే సెంట్రల్ యూనివర్సిటీలో గొడవ జరిగినప్పుడు మెస్సులు మూతపడ్డాయని, నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్ ఆగిపోయాయని విద్యార్థులు చెప్పారు. ఆ జాబితాలో ఇంటర్నెట్ ఎక్కడుందో చూడండి.

2018 మార్చి 20న అట్రాసిటీ చట్టాన్ని పలచన చేస్తూ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది (మహద్ రోజునే). దానిమీద ఏప్రిల్ 2న దళితులు భారత్ బంద్ చేశారు. పంజాబ్‌లో ముందురోజు సాయంత్రం నుంచే మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. మధ్యప్రదేశ్‌లో గ్వాలియర్, భిండ్, మొరేనా ప్రాంతాల్లో ఆపారు. అంతకు ముందేడు సహారన్‌పూర్‌లోనూ అంతే. ఇవన్నీ మా నోరు నొక్కడమేనని తేలిగ్గా రాసెయ్యొచ్చు. కానీ మమ్మల్ని ఇరకాటంలో పెట్టింది వేరే ఉంది.

2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో గుంపులు బయలుదేరి దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పుపెట్టాయి. జనాన్ని పోగెయ్యడానికి వాట్సాప్ గ్రూపులు వాడారని పోలీసులు చెప్పారు. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. అప్పుడు మా మిత్రుల్లోనే కొందరు 'ఆపడమే మంచిదయింది, లేకపోతే పేటల మీద పడేవాళ్లు' అన్నారు. ఆ మాటను తోసిపుచ్చలేం. పేటలో పడుకున్నవాడి భయం ఢిల్లీలో హక్కుల గురించి రాసేవాడికి అర్థంకాదు. అయినా మేం ఒప్పుకోలేదు. నిప్పు పెట్టినవాడి ఫోనూ, ఆ రాత్రి పేటలో ఏం జరిగిందో బయటికి పంపాలనుకున్నవాడి ఫోనూ ఒక్కటిగానే ఆగాయి. గుంపుకు ఇంటర్నెట్ లేకపోతే అరుగులున్నాయి, గుళ్లున్నాయి, మోటారు సైకిళ్లున్నాయి. పేటకు ఏమున్నది? కంపెనీల పని ఇంటినుంచి చేసుకునే కుర్రాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు పోయిన సంగతి పేపర్లలో వచ్చింది. ఆ రోజుల్లో పేటల్లో ఏం జరిగిందో చెప్పిన పేజీ మాత్రం మాకు దొరకలేదు. 1991 ఆగస్టులో చుండూరులో మనుషుల్ని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. అప్పుడు ఇంటర్నెట్ ఆపాల్సిన అవసరం రాలేదు, లేదు గనక. 2016లో ఊనాలో కొట్టినవాళ్లే గొప్పగా వీడియో తీసి పంచారు, అదే వాళ్ల మీద సాక్ష్యమైంది. మాకు సాక్ష్యం కావాలి. చీకటి మాకు ఎన్నడూ కలిసి రాలేదు.

ఆపడానికీ నియమాలున్నాయి. ఆపే ఉత్తర్వును ప్రచురించాలనీ, గడువు లేకుండా ఆపకూడదనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో చెప్పింది. 2017 నియమాల స్థానంలో 2024 నవంబరులో వచ్చిన కొత్త నియమాలు కూడా ఒక ఉత్తర్వు పదిహేను రోజులు మించకూడదంటున్నాయి. మన సంఘాలు కలెక్టరాఫీసుకు పోయి పట్టాల గురించి అడిగినట్టు ఈ ఉత్తర్వుల కాపీలు కూడా అడగాలి. ఎన్ని సంఘాలు అడిగాయి?

ఇంకో అరుగు కంపెనీలది. 2018 నవంబరులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూల్చండి అన్న పోస్టరు పట్టుకున్న ఫొటో బయటికి వచ్చింది. ఇక్కడి అగ్రవర్ణాలు గోల చెయ్యగానే కంపెనీ అధికారి సారీ చెప్పారు. మా ఆడవాళ్లను కులం పేరుతో తిట్టే తిట్ల మీద ఫిర్యాదు చేస్తే అంత తొందర మాకు కనబడదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక మా పల్లెల్లో ఇంటర్నెట్ అంటే వాట్సాప్, యూట్యూబ్‌లే అయ్యాయి. ఫ్రీ బేసిక్స్ గోడ బయట కూలింది గానీ లోపల వేరే గోడలు లేచాయి. ట్రాయ్ నిబంధన ధర గురించి చెప్పింది, ఈ గోడల గురించి చెప్పలేదు.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. పల్లెలో మగపిల్లాడి చేతికి వచ్చినంత తొందరగా ఆడపిల్ల చేతికి ఫోన్ రాలేదు. 2020 జూన్ 1న కేరళలో ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రోజే, మలప్పురం జిల్లాలో వాటిని అందుకోలేని ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. అంతకు కొన్ని నెలల ముందే, 2019 సెప్టెంబరులో, ఆ రాష్ట్ర హైకోర్టే హాస్టల్ విద్యార్థిని ఫోన్ లాక్కోవడం చెల్లదని, ఇంటర్నెట్ అందుకోవడం విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని తీర్పిచ్చింది. మేం అప్పుడప్పుడు పోయి పాఠాలు చెప్పే ఒక సంక్షేమ హాస్టల్లో ఆడపిల్లల ఫోన్లు సాయంత్రం నుంచి బీరువాలో ఉంటాయి. మగపిల్లల హాస్టల్లో బీరువా లేదు. పోయిన ఏడు ఆ తీర్పులోని ముఖ్యమైన పేరాలు తెలుగు చేసి పిల్లలతో కలిసి చదివాం. ఇరవై ఇద్దరు సంతకాలు పెట్టారు. అర్జీ వార్డెన్‌కు ఇస్తే, పైవాళ్లకు పంపిస్తామన్నారు. బీరువా తాళం ఇంకా అక్కడే వేలాడుతున్నది.