‘కొరకు’ నుండి ‘తోడ’ వరకు: ఆంగ్లికన్ ప్రార్థనా చక్రం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రపంచంలోని ఆంగ్లికన్ సంఘాలు ఒకదాని కొరకు మరొకటి ప్రార్థించుకోవడానికి అనుసరించే దినవారీ పట్టికను ‘ఆంగ్లికన్ ప్రార్థనా చక్రం’ అంటారు. ఇది పైకి పేర్ల జాబితా మాత్రమే. అయితే వలసకాలపు దాత–గ్రహీత సంబంధాన్ని సమానుల సంబంధంగా మార్చాలన్న ఆకాంక్ష ఈ జాబితా నిర్మాణంలో కనిపిస్తుంది. ఆ ఆకాంక్ష ఎంతవరకు నెరవేరిందో తెలుగు వ్యాకరణంలోని చతుర్థీ, తృతీయా విభక్తుల భేదం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. డోర్నకల్ అధ్యక్ష ఖండ చరిత్ర, దక్షిణ ఇండియా సంఘ స్థాపన, ఇటీవలి ఆంగ్లికన్ విభేదాలు ఇందుకు ఆధారాలుగా స్వీకరించబడ్డాయి.

కీలకపదాలు: ఆంగ్లికన్ సహవాసం, ప్రార్థనా చక్రం, విజ్ఞాపన, డోర్నకల్, అజరయ్య, దక్షిణ ఇండియా సంఘం, సంప్రదానం, సహార్థం.

1. ఉపోద్ఘాతం

క్రైస్తవ ఆరాధనలో తన కోసం చేసుకునే ప్రార్థన ఒకటి, ఇతరుల కోసం చేసేది మరొకటి. రెండవదానికి తెలుగు క్రైస్తవ వ్యవహారంలో ‘విజ్ఞాపన’ అన్న మాట స్థిరపడింది. ఇంగ్లండు సంఘంలో 1549లో వెలువడి, 1662లో స్థిరరూపం పొందిన సామాన్య ప్రార్థనల గ్రంథం విజ్ఞాపనకు ప్రముఖ స్థానమిచ్చింది. ఆ గ్రంథం బ్రిటిష్ వలస రాజ్యంతోపాటు ఖండాంతరాలకు వెళ్ళింది. అది వెళ్ళిన చోటల్లా స్థానిక సంఘాలు ఏర్పడి, క్రమంగా స్వతంత్రమయ్యాయి. నేడు ఆంగ్లికన్ సహవాసంలో 42 స్వతంత్ర సంఘ మండలాలు ఉన్నాయి. అవి 165కు పైగా దేశాలలో విస్తరించాయి.

ఈ మండలాలన్నింటిపై అధికారం గల కేంద్రం ఏదీ లేదు. కాంటర్బరీ ఆర్చిబిషప్పు సమానులలో ప్రథముడే తప్ప పాలకుడు కాడు. 1867లో మొదలైన లాంబెత్ సభ తీర్మానాలు చేయగలదు గాని శాసించలేదు. శాసించే కేంద్రం లేని చోట ఐక్యతను నిలిపేది ఏమిటి? ఈ ప్రశ్నకు సాధారణంగా ఇచ్చే సమాధానాలు సభలు, సమితులు, పదవుల చుట్టూ తిరుగుతాయి. ప్రతిరోజూ ఎక్కడో ఒక చిన్న సంఘంలో వినిపించే ఒక దూరదేశపు పేరును ఈ చర్చలు అంతగా పట్టించుకోవు. ఆ పేరు వెనుక ఉన్న పాఠ్యాన్ని పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. ప్రార్థనా చక్రం – పాఠ్యస్వరూపం

లండన్‌లోని ఆంగ్లికన్ సహవాస కార్యాలయం ఈ పట్టికను ప్రచురిస్తుంది. ఆదివారాలు మండలాలకు, మిగిలిన రోజులు అధ్యక్ష ఖండాలకు కేటాయించబడతాయి. అధ్యక్ష ఖండమంటే ఒక బిషప్పు పర్యవేక్షణలోని ప్రాంతం, వ్యవహారంలో డయోసిస్. ఇటీవలి పట్టికలలో ప్రతి నమోదులోనూ రెండే అంశాలుంటాయి: అధ్యక్ష ఖండం పేరు, అది ఏ మండలానికి చెందిందో ఆ మండలం పేరు. ఆ ప్రాంతంలో కరువుందా, యుద్ధముందా, అక్కడి సంఘం పెద్దదా చిన్నదా అన్న వివరణ లేదు. విశేషణాలు దాదాపు లేవు. క్రియ లేదు.

ఈ క్రియారాహిత్యం గమనార్హం. పట్టికలో ఉన్నది అసంపూర్ణ వాక్యం. ప్రార్థించే సంఘం దాన్ని పలికినప్పుడే అది పూర్తవుతుంది. అందువల్ల దీన్ని చదువుకునే పాఠ్యంగా కాక, పలికే పాఠ్యంగా గ్రహించాలి. భారతీయ సంప్రదాయంలో సంకల్పం పఠించే వ్యక్తి తానున్న ద్వీపాన్ని, వర్షాన్ని, నదీతీరాన్ని పేర్కొని తనను దేశకాలాలలో నిలుపుకుంటాడు. ప్రార్థనా చక్రంలోనూ స్థలనామాలే ప్రధానం. కాని దిశ వేరు. ఇక్కడ పఠించేవారు తామున్న చోటును కాక, తాము ఎన్నడూ చూడని చోటును పేర్కొంటారు. సంకల్పం ‘నేను ఇక్కడ ఉన్నాను’ అంటుంది. ప్రార్థనా చక్రం ‘వారు అక్కడ ఉన్నారు’ అంటుంది.

3. అక్షరక్రమం – సమత్వ భావన

అధ్యక్ష ఖండాల పేర్లను అక్షరక్రమంలో అమర్చడం ఈ పట్టికలోని మరో విశేషం. స్థాపన కాలాన్ని బట్టి అమరిస్తే ఇంగ్లండు మొదట వచ్చేది. గౌరవాన్ని బట్టి అమరిస్తే కాంటర్బరీ మొదట వచ్చేది. అక్షరక్రమం వల్ల నైజీరియాలోని అబా అన్నిటికంటే ముందు వరుసలో నిలుస్తుంది. కాంటర్బరీ తన అక్షరం వచ్చేదాకా ఆగవలసిందే. మెదక్‌కు, లండన్‌కు దక్కే చోటు సమానం. నైజీరియా సంఘంలో 150కి పైగా అధ్యక్ష ఖండాలున్నందున ఆ దేశపు పేర్లు సంవత్సరం పొడవునా వినిపిస్తాయి. సంఖ్యాపరంగా ఆంగ్లికన్ ప్రపంచం ఆఫ్రికాకు తరలిందన్న వాస్తవాన్ని ఏ గణాంక పత్రమూ చదవకుండానే, ఈ పట్టికను అనుసరించే ఇంగ్లిషు పల్లె సంఘం గ్రహించగలదు.

ఈ సమత్వానికి ఒక పరిమితి ఉంది. ఆ అక్షరక్రమం ఇంగ్లిషు అక్షరక్రమం. తెలుగు వర్ణక్రమంలో ‘ఎడిన్‌బరో’ అచ్చులలో చేరి ‘కాంటర్బరీ’, ‘డోర్నకల్’ కంటే ముందే వస్తుంది. ఇంగ్లిషు వరుసలో ఆ రెండింటి తరువాత వస్తుంది. అంటే తటస్థంగా తోచే క్రమం కూడా ఒక భాషకు చెందినదే. ఆధిక్యాన్ని తొలగించడానికి ఎంచుకున్న సాధనంలోనే వలసచరిత్ర జాడ మిగిలింది. దీన్ని తప్పుగా కాక, ఈ పాఠ్యం పుట్టిన చరిత్రకు సాక్ష్యంగా చూడాలి.

4. చతుర్థి – దాత, గ్రహీత

‘సంఘాల కొరకు ప్రార్థన’ అన్న పదబంధంలో ‘కొరకు’ చతుర్థీ విభక్తి ప్రత్యయం. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం త్యాగోద్దేశ్యానికి చతుర్థి వస్తుంది. అదే సంప్రదానం. ఎవరిని ఉద్దేశించి దానం జరుగుతుందో వారు సంప్రదానం. ఈ వ్యాకరణాంశం మిషనరీ చరిత్రకు చక్కగా వర్తిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు మిషనరీ సంఘాలు తమ సభ్యులను ఆసియా, ఆఫ్రికా ప్రజల ‘కొరకు’ ప్రార్థించమన్నాయి. వారి ‘కొరకు’ విరాళాలిమ్మన్నాయి. ప్రార్థన, ధనం ఒకే దిశలో ప్రవహించాయి. ఆసియా, ఆఫ్రికా సంఘాలకు ఆ వాక్యంలో కర్తృస్థానం దక్కలేదు.

ఈ స్థితిని తెలుగు నేలతో గాఢ సంబంధం గల వ్యక్తే ప్రశ్నించాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1903లో ఏర్పడిన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ఒకడు. తమిళ క్రైస్తవులు తమ ధనంతో, తమ ప్రార్థనలతో తెలుగు ప్రాంతానికి పంపిన ఆ సేవకు డోర్నకల్ కేంద్రమైంది. పాశ్చాత్యుల ప్రమేయం లేకుండా ఒక భారతీయ సంఘం మరొక భాషాప్రాంతం కొరకు బాధ్యత వహించడం ఇందులోని విశేషం.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియా సంఘాల నుండి వచ్చినవారు అతికొద్దిమంది. ఆ సభలో అజరయ్య విదేశీ, స్వదేశీ సేవకుల మధ్య సహకార సమస్యపై ప్రసంగించాడు. మిషనరీల త్యాగాన్ని భారతీయ సంఘం మరవదని చెబుతూనే, ఇచ్చినవన్నీ చాలవనీ, కావలసింది స్నేహమనీ స్పష్టం చేశాడు. ఆ ప్రసంగం పలువురు శ్రోతలకు కటువుగా తోచింది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అజరయ్య నిరాకరించింది దానాన్ని కాదు. సంప్రదానంగా మాత్రమే మిగలడాన్ని. ఆయన కోరిన స్నేహం సహార్థానికి చెందినది. సహార్థానికి వచ్చే విభక్తి తృతీయ. ‘తోడ’ దాని ప్రత్యయాలలో ఒకటి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య డోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు.

ఎడిన్‌బరోలో లేవనెత్తిన ఆ ప్రశ్నను ఆంగ్లికన్ సహవాసం అధికారిక పత్రంలో స్వీకరించడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1963లో టొరంటోలో జరిగిన ఆంగ్లికన్ మహాసభ సందర్భంలో వెలువడిన ‘పరస్పర బాధ్యత, పరస్పరాధారత’ పత్రం, ఇచ్చే సంఘాలు – పుచ్చుకునే సంఘాలు అన్న విభజనను విడిచిపెట్టాలని ప్రతిపాదించింది. అందరూ అందరి పేర్లనూ పలికే ప్రార్థనా చక్రాన్ని ఈ దృక్పథానికి ఆరాధనా రూపంగా పరిగణించవచ్చు. డోర్నకల్ పేరును లండన్ పలుకుతుంది. లండన్ పేరును డోర్నకల్ కూడా పలకవచ్చు. ఒకరోజు కర్తగా ఉన్న సంఘం మరొకరోజు సంప్రదానమవుతుంది. ఎవరూ శాశ్వతంగా ఒకే కారకంలో ఉండరు.

5. విభేదాల మధ్య పేరు

స్నేహం చెడనంతకాలం పేరు పలకడం సులభం. చెడినప్పుడే పట్టికకు పరీక్ష. ఈ పరీక్షకు దక్షిణ భారతంలోనే ఒక పూర్వోదాహరణ ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. డోర్నకల్ సహా నాలుగు ఆంగ్లికన్ అధ్యక్ష ఖండాలు మెథడిస్టులతో, దక్షిణ ఇండియా ఐక్య సంఘంతో కలిశాయి. ఆ ఐక్యత కోసం అవి ఆంగ్లికన్ సహవాసం నుండి వెలుపలికి రావలసి వచ్చింది. 1948 లాంబెత్ సభలో కొత్త సంఘపు గురుపరిచర్యను గుర్తించే విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. నంద్యాల ప్రాంతంలో అనేక ఆంగ్లికన్ సంఘాలు ఐక్యతలో చేరక విడిగా కొనసాగాయి. అవి దక్షిణ ఇండియా సంఘంలో చేరింది 1970లలోనే. ఒకే జిల్లాలో, ఒకే భాషలో, దాదాపు ఒకే ఆరాధనా క్రమాన్ని అనుసరించేవారు రెండు సంఘాలుగా మిగిలారు. నేడు దక్షిణ ఇండియా సంఘం ఆంగ్లికన్ సహవాసంలో పూర్తి సభ్యసంఘం. పట్టికలో దాని పేరు పక్కన ‘సంయుక్త’ అన్న ఒక్క మాట కనిపిస్తుంది. విశేషణాలు దాదాపు లేని ఈ పట్టికలో ఆ మాట ఒక దీర్ఘ వివాదపు చరిత్రను మోస్తోంది.

ఇటీవలి విభేదాలు మరింత విస్తృతమైనవి. 2003లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో స్వలింగ సహజీవనంలో ఉన్న వ్యక్తిని బిషప్పుగా అభిషేకించడంతో సహవాసం తీవ్రంగా చీలింది. 2005లో నైజీరియా సంఘం తన నియమావళి నుండి కాంటర్బరీతో సహవాసాన్ని సూచించే మాటలను తొలగించింది. 2022 లాంబెత్ సభకు నైజీరియా, ఉగాండా, రువాండా బిషప్పులు హాజరు కాలేదు. 2023 ఫిబ్రవరిలో గ్లోబల్ సౌత్ సంఘాల నాయకులు కొందరు అప్పటి కాంటర్బరీ ఆర్చిబిషప్పును సమానులలో ప్రథముడిగా ఇక గుర్తించలేమని ప్రకటించారు.

అయినా పట్టికలో ఆ పేర్లు నిలిచే ఉన్నాయి. ఒకే బల్ల దగ్గర కూర్చోని సంఘాల పేర్లు ఒకే పుటలో ఉన్నాయి. ప్రార్థనా చక్రం ఎవరి పక్షానా తీర్పు చెప్పదు. అది వాదంలో గెలుపోటములను నమోదు చేయదు. ఉనికిని మాత్రమే నమోదు చేస్తుంది.

6. మౌనం – బలం, లోపం

పైన చెప్పిన మౌనమే ఈ పాఠ్యానికి బలం. విభేదించిన వారి పేరును వారానికొకసారైనా నిందావాక్యం లేకుండా పలకవలసి రావడం సామాన్య విషయం కాదు. కాని అదే మౌనం లోపానికి కూడా దారితీస్తుంది. పట్టిక పేరునిస్తుంది గాని, ఆ పేరుతో ఏమి అడగాలో చెప్పదు. ఒక సంఘం మరొక సంఘం నిమిత్తం కృతజ్ఞత తెలుపుతూ ప్రార్థించవచ్చు. అది తన దారికి మారాలని కూడా ప్రార్థించవచ్చు. రెండూ ‘కొరకు’ చేసిన ప్రార్థనలే. రెండవదానిలో పాత దాత–గ్రహీత సంబంధం నైతిక రూపంలో తిరిగి వస్తుంది: ప్రార్థించేవారి దగ్గర సత్యం ఉంది, ఎదుటివారికి అది కావాలి. ధనం విషయంలో అజరయ్య గుర్తించిన అసమానత సిద్ధాంతం విషయంలో పునరావృతమవుతుంది. ఈసారి ఆ స్థానాన్ని పాశ్చాత్య సంఘాలే కాక, వాటిని విమర్శించే సంఘాలు కూడా ఆక్రమించగలవు.

రెండవ లోపం అపరిచయం. అర్థం తెలియని పేరు పదేపదే పలికితే అది లాంఛనమవుతుంది. ఉచ్చారణ కూడా తెలియని ఊరి పేరును గబగబా చదివి ముందుకు సాగే పాఠకుడు ఏ సంఘంలోనైనా ఉండవచ్చు. ఈ లోపాన్ని పూరించే ప్రయత్నాలు లేకపోలేదు. 1876లో మేరీ సమ్నర్ ఇంగ్లండులో స్థాపించిన మదర్స్ యూనియన్ వివిధ దేశాల అధ్యక్ష ఖండాలను కొద్దిపాటి బృందాలుగా జతచేసి, ఆ సభ్యులు ఒకరికోసం ఒకరు ప్రార్థించే ‘ప్రార్థనా తరంగం’ అనే పద్ధతిని నడుపుతోంది. అధ్యక్ష ఖండాల మధ్య జంట సంబంధాలు కూడా ఇటువంటివే. వీటిలో పేర్ల సంఖ్య తగ్గి, పరిచయం పెరుగుతుంది. పట్టిక విస్తృతినిస్తే, ఇవి గాఢతనిస్తాయి. ఒకటి లేనిదే మరొకటి అసంపూర్ణం.

7. ముగింపు

ఆంగ్లికన్ ప్రార్థనా చక్రం సాహిత్య విలువలను ఆశించి రూపొందిన పాఠ్యం కాదు. అయినా క్రియ లేని వాక్యం, దాదాపు విశేషణాలు లేని పేరు, హోదాను పక్కనపెట్టిన వరుస అన్న మూడు లక్షణాలతో అది వలసానంతర సంఘసంబంధాలను గురించి ఒక నిశ్చితమైన ప్రతిపాదన చేస్తుంది. ప్రతి సంఘమూ ఇచ్చేదీ, పుచ్చుకునేదీ కూడా అన్నదే ఆ ప్రతిపాదన. ఈ మేరకు అది సంప్రదానాన్ని పరస్పరం చేసింది. పరస్పర సంప్రదానం సహార్థానికి దగ్గర దారే గాని, సహార్థం కాదు. ఒకరి కొరకు ప్రార్థించడానికి వారి పేరు తెలిస్తే చాలు. ఒకరితోడ ప్రార్థించడానికి వారి మాట వినాలి; తమ కొరకు వారు ఏమి అడుగుతున్నారో తెలుసుకోవాలి. ఆ ప్రార్థనలో తమకు ఇబ్బంది కలిగించే మాట ఉన్నా సహించాలి. 1910లో డోర్నకల్ సేవకుడు అడిగిన స్నేహానికి పట్టిక తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపు దాటవలసింది పేర్లు పలికే సంఘాలే.