జబ్బు పేరే మనిషి పేరా?

బి.కాం.లో 1872 నాటి కాంట్రాక్టు చట్టాన్ని బట్టీ పట్టాం. మతి స్థిమితం లేనివాడు చేసిన ఒప్పందం చెల్లదు. అయితే 12వ సెక్షనులోనే ఇంకో ముక్క ఉంది: మామూలుగా స్థిమితం లేనివాడైనా, స్థిమితంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. ఆసుపత్రిలో ఉన్న రోగినే అక్కడ ఉదాహరణగా చూపారు.

ఆ ముక్క విలువ మధురైలో పనిచేసేటప్పుడు తెలిసింది. ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని కౌంటరుకు వచ్చేది. తమిళంలోనే మాట్లాడేది. "పిచ్చబ్బాయి వచ్చాడు" అన్నాను పక్కసీటు మిత్రుడితో, ఆమెకు తెలుగు రాదనుకుని.

"ఏడాదిలో పది నెలలు బాగానే ఉంటాడు నాయనా. మిగతా రెండు నెలలకేనా పేరు పెట్టేశారు?" అంది, తెలుగులో. ఆ రోజు ఫారం మీద సంతకం చేసింది ఆ అబ్బాయే.

మన కథల మీద నా ఫిర్యాదూ ఇదే. ఊరికో పిచ్చివాడు, చిరిగిన చొక్కా, రావిచెట్టు. కథ అవసరానికి ఒక నిజం పలికి చివరి పేరాలో లారీ కింద పడతాడు. అతనికి మందులుండవు, అన్నం పెట్టే వదిన ఉండదు. బాగున్న ఆ పది నెలల సంగతి ఎవరూ రాయరు.

పిచ్చి అన్న మాటనే వెలివేయమనను. "పిచ్చితల్లీ" అని అమ్మమ్మ తల నిమిరితే అందులో జబ్బు లేదు. సంగీతం పిచ్చితోనూ పేచీ లేదు. నాకు పేచీ హాస్యం పేరిట సంభాషణల్లో పడే ఊళ్ల పేర్లతో. హైదరాబాదులో ఎర్రగడ్డ, మద్రాసులో కీల్పాక్కం, పుణేలో ఎరవాడ. ఆసుపత్రి ఉన్న పాపానికి తిట్లయ్యాయి. (ఏ రాష్ట్రంలో స్థిరపడినా అక్కడి లిపికంటే ముందు మనకు ఈ తిట్టే వస్తుంది.) అక్కడికి వెళ్లడమే పరువు తక్కువైతే వైద్యానికి వెళ్లేదెవరు?

పెద్ద మాటలు తెచ్చిపెడితే తీరుతుందా అంటే, అదీ అనుమానమే. తమిళంలో "మాట్రుత్తిరనాళి" వచ్చింది. 2015 చివర్లో ప్రధాని "దివ్యాంగ్" అన్నారు. మాలో దివ్యమేముందని వికలాంగులే కొందరు అడిగారు. చక్రాల కుర్చీ ఎక్కలేని మెట్ల పక్కన ఆ మాటతో బోర్డు పెట్టడం మా వృత్తిలో నేనూ చూశాను.

ఈమధ్య ఒక మిత్రుడు అభిప్రాయం చెప్పమని కథ పంపాడు. "పిచ్చి సుబ్బడు" అని ఉన్న ప్రతిచోటా పెన్సిలుతో "సుబ్బారావు" అని రాసుకుంటూ చదివాను. నాలుగో పేజీకల్లా లారీతో పని లేకుండా పోయింది. తిప్పి పంపాను. జవాబు ఇంకా రాలేదు.