కండ్లకలక వైరస్ చేతికి చిక్కిన ప్రొటీన్

హైదర్‌గూడ నుంచి అశోక్‌నగర్ దాకా హాస్టళ్లకు కొదవ లేదు. వానాకాలంలో ఏ గదిలోనైనా ఒకరికి కండ్లకలక వచ్చిందంటే, ఒకరి తువ్వాలు ఒకరు వాడుకునే చోట మిగతావాళ్ల కళ్లు ఎర్రబడటానికి ఎన్నాళ్లో పట్టదు. దీన్ని తెచ్చే వైరస్‌లు చాలానే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఎడినోవైరస్.

పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా గుట్టు విప్పడంలో ఈ వైరస్‌కూ చెయ్యి ఉంది. ముందు జన్యుశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ నుడ్సన్ సంగతి చెప్పాలి. 1971లో ఆయన 48 కేసుల వివరాలు దగ్గర పెట్టుకుని లెక్కలు కట్టి, ఈ జబ్బు రావాలంటే రెండు దెబ్బలు తగలాలన్నాడు. జన్యువును కళ్లతో చూడకుండానే అన్న మాట అది! 13వ క్రోమోజోమ్‌పై ఆర్‌బీ1 జన్యువు 1986లో దొరికింది. దాని రెండు ప్రతులూ చెడితే కణ విభజనకు బ్రేకు పోయినట్టే.

నన్ను ఎక్కువ ముచ్చట పరిచేది 1988 నాటి ప్రయోగం. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఎడ్ హార్లో బృందం ఎడినోవైరస్ తయారుచేసే ఈ1ఏ ప్రొటీన్ మీద పనిచేస్తోంది. యాంటీబాడీలతో దాన్ని కణాల్లోంచి బయటికి లాగితే, అంటుకుని వేరే ప్రొటీన్లూ వచ్చేవి. బరువును బట్టి విడదీసే జెల్ మీద అవి గీతల్లా కనబడేవి. ఒక గీత 105 కిలోడాల్టన్ల దగ్గర ఉంది. చెత్త అనుకుని వదిలేయడం తేలిక. వీళ్లు వదల్లేదు. అప్పటికే రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం ఆర్‌బీ1 జన్యువును పట్టుకుంది. ఆ జన్యువు నుంచి తయారయ్యే ఆర్‌బీ ప్రొటీన్ బరువూ దాదాపు అంతే. బరువు కలిసినంత మాత్రాన సంబరపడకుండా, రెండింటినీ ముక్కలు చేసి పోల్చి చూశారు. రెండూ ఒకటే. ఆ ఓపికకే నా దండం.

వైరస్ తన సంతతిని పెంచుకోవడానికి ఆ బ్రేకునే కట్టేస్తుందన్నమాట. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీదీ ఇదే ఎత్తు. రెటినోబ్లాస్టోమా గడ్డల్లో హెచ్‌పీవీ జాడలు కనబడ్డాయని మన దేశంలోనూ కొందరు చెప్పారు. వేరే ల్యాబుల్లో వెతికితే కనబడలేదు. ఆ పేచీ తెగలేదు.

దీన్ని చదివి కండ్లకలక వస్తే క్యాన్సర్ వస్తుందేమోనని హడలిపోకండి, దానికీ దీనికీ అలాంటి సంబంధం లేదు. ఫొటోలో మాత్రం బిడ్డ కంటిపాప తెల్లగా మెరిసినా, మెల్లకన్ను కొత్తగా కనబడినా ఆలస్యం చేయకండి. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటి క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. తొందరగా పట్టుకుంటే చాలామంది పిల్లలు బతుకుతారు, చాలాసార్లు కన్నూ దక్కుతుంది.