ఎండ తినే ఈకలు

నల్లరేగడి చేలల్లో జొన్న కంకి పాలుపోసుకునే వేళకు నంద్యాల, కోవెలకుంట్ల చుట్టుపక్కల గులాబి గోరువంకలు గుంపులు కట్టి దిగుతాయి. మంచె మీది మనిషి వడిసెల తిప్పితే ఈ చేను వదిలి పక్క చేను మీద వాలతాయి, అంతకుమించి భయం లేదు. రైతుకు అవి దొంగలే. కానీ ఆ గుంపును కుదురుగా చూస్తే అన్నీ ఒక్కలా ఉండవు. కొన్ని పూర్తిగా మట్టిరంగు. కొన్నిటికి ఆ మట్టిరంగు మధ్య నల్ల ఈకలు మచ్చలు మచ్చలుగా పొడుచుకొస్తుంటాయి. కొన్నిటి ఒంటి మీద మురికి పట్టినట్టున్న గులాబి. అన్నీ ఒకటే జాతి. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పుట్టిన పిల్లలు గూట్లో వేసుకున్న తొలి ఈకలతోనే మన దేశం చేరి, ఇక్కడి గింజలూ మిడతలూ తిని కొత్త ఈకలు వేసుకుంటాయి. పెద్దవాటి సంగతి వేరు. వాటి కొత్త ఈకల కొసన మట్టిరంగు అంచు ఉంటుంది. చలికాలమంతా ఆ అంచు అరిగి అరిగి, ఏప్రిల్‌లో తిరుగుప్రయాణం కట్టే వేళకు లోపలి గులాబి తేటపడుతుంది. అరుగుదలే అలంకారమైందన్నమాట.

ఈక ఒకసారి పూర్తిగా పెరిగిందంటే అది ప్రాణం లేని పదార్థం. గోరు విరిగితే వెనక నుంచి మళ్ళీ పెరుగుతుంది, ఈకకు ఆ వెసులుబాటు లేదు. చిరిగితే చిరిగినట్టే, వెలిస్తే వెలిసినట్టే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, దుమ్ము, బోదగడ్డి, తుమ్మముళ్ళు, ఈకను తినే సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని ఏడాదిలో పాతగుడ్డ చేసేస్తాయి. అందుకే దాదాపు ప్రతి పిట్టా ఏడాదికోసారి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకోవాలి. ఆ ఖర్చు తక్కువేం కాదు. చిన్న పిట్టల ఒంట్లోని మాంసకృత్తుల్లో సుమారు పావు వంతు ఈకల్లోనే ఉంటుంది. అంత పెట్టుబడి పిల్లల్ని మేపుతూనో, వేల మైళ్ళు ఎగురుతూనో పెట్టడం కష్టం. గూడు, ప్రయాణం, ఈకమార్పు, ఈ మూడూ ఒకదానికొకటి అడ్డురాకుండా ఏడాదిని పంచుకోవాలి. పంపకం ఎలా కుదిరిందన్నదే ఈకమార్పు పరిణామ కథలో సగం.

రాల్చడానికీ ఒక క్రమముంది. బాతులు రెక్క ఈకలన్నీ ఒక్కసారిగా వదిలేసి కొన్ని వారాలు నీళ్ళలో దాక్కుంటాయి. పాటపిట్టలకు అది కుదరదు. రెక్క కొసన ఉండే పెద్ద ఈకల్లో లోపలిది ముందు రాలుతుంది, తర్వాత దాని పక్కది, అలా బయటికి నడుస్తుంది. అదీ కుడి ఎడమ రెక్కల్లో ఒకేసారి, లేకపోతే పిట్ట ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆ వరస సగం దాటాక భుజం వైపు ఈకలు మొదలవుతాయి. మచ్చల ఈగపట్టు పిట్ట ఒకటి మాత్రం తిరకాసుగా బయటి ఈకతో మొదలుపెట్టి లోపలికి వస్తుంది.

ఈ క్రమాన్ని చదవడం ఒక విద్య. మన జిల్లాలకూ దానితో పాత సంబంధముంది. 1929-30లో ఆర్థర్ వెర్నే డబ్బుతో తూర్పు కనుమల్లో పక్షుల సర్వే జరిగింది. నల్లమల, కడప పాలకొండల్లో కొట్టిన పిట్టల చర్మాలు చీటీలతో సహా మ్యూజియం సొరుగులకు చేరాయి. వాటిని పరిశీలించి హ్యూ విస్లర్, ఎన్.బి. కిన్నియర్ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరసగా రాశారు. విస్లర్ ఇండియన్ పోలీసులో పనిచేసినవాడు. ఏ జాతి ఏ వయసులో ఎన్ని ఈకలు మారుస్తుందో నేరస్థలం పంచనామా రాసినంత ఓపికగా రాసేవాడు. తుపాకీ పద్ధతి మీద మనకిప్పుడు ఎంత వెగటున్నా, తేదీ రాసిన చీటీ విలువ తగ్గలేదు.

తుపాకీ పోయి సన్నవల వచ్చింది. పట్టిన పిట్టను అరచేతిలో వెల్లకిలా ఉంచి, చూపుడువేలు మధ్యవేలు నడుమ మెడను వదులుగా ఇరికించి, రెండో చేత్తో రెక్కను విసనకర్రలా విప్పుతారు. ప్రతి ఈకకూ మార్కు వేస్తారు. పాతదైతే 0, రాలిపోయి ఖాళీగా ఉన్నా తొడుగులో పుల్లలా ఉన్నా 1, మూడో వంతు పెరిగితే 2, అలా పెరిగి పూర్తిగా కొత్తదైతే 5. తొమ్మిది పెద్ద ఈకలూ కొత్తవైతే 45. కాలికి ఉంగరం తొడిగి వదిలేస్తారు. పిట్టను ఇలా పట్టడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఉంగరాలు వేసే పనిలో సొసైటీకి వలపన్నే కులాల వాళ్ళే గురువులు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో, అంతరించిందనుకున్న కలివికోడి మళ్ళీ దొరికిందీ ఒక స్థానిక పిట్టలవాడి చేతికే. ఆ చేతుల నేర్పు గురించి పుస్తకాల్లో రావాల్సినంత రాలేదు.

మన మెట్టభూముల్లో ఈ విద్యకు ఒక చిక్కుంది. చాలా పాటపిట్టల పిల్లలు మొదటి ఏడాది ఒంటి ఈకలే మార్చి రెక్కల పెద్ద ఈకలు అలాగే ఉంచుకుంటాయి. వెలిసిన ఈకల పక్కన కొత్త ఈకలు కనబడగానే ఇది పిల్ల అని తేలిపోతుంది. నేలమీద తిరిగే లార్క్‌లు, పిచ్చుకలు, గోరువంకలు అలా కావు. పిల్లలు కూడా గూడు వదిలిన కొద్ది నెలల్లోనే మొత్తం ఈకలు మార్చేస్తాయి. రోళ్ళపాడు గడ్డిలో గొంగళిపురుగులు వెతికే జెర్డాన్ లార్క్ పిల్లదో పెద్దదో రెక్క చూసి చెప్పడం కష్టం. గూట్లో హడావిడిగా పెరిగిన తొలి ఈకలు పలచన; గుల్ల నేల, గరిక, బారెడు ఎండ ఉన్నచోట అవి ఏడాది నిలవవు. అందుకే ఇలాంటి బయలు నేలల్లో బతికే వంశాల్లో ఈ అలవాటు పదేపదే కనిపిస్తుంది.

ఇక రంగు. ఊరపిచ్చుక మగదాని గొంతు మీది నల్లమచ్చ వసంతంలో కొత్తగా పుట్టదు, అంచు అరిగి బయటపడుతుంది. గిజిగాడిది వేరే దారి. వానలకు ముందు తల, రొమ్ము ఈకలు నిజంగా మార్చి పసుపు వేసుకుని, దిగుడుబావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గూళ్ళు అల్లుతుంది. ఆ పని అయ్యాక మొత్తం రాల్చి పిచ్చుకలా మారిపోతుంది. ఎమిల్ విచ్చీ 1930లలోనే చూపినట్టు, గిజిగాడి జాతుల్లో ఆ రంగును పిలిచేది వృషణం కాదు, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి. ఊదా తేనెపిట్ట మగది గూళ్ళ కాలం ముగియగానే నల్లరంగు వదిలేసి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లచార ఉంచుకుంటుంది. అదే మందారం మీద వాలే ఊదానడుము తేనెపిట్ట మాత్రం ఏడాదంతా ఒకే రంగు.

గిజిగాడిలా గూళ్ళ కాలానికి ముందు చేసే ఈ రెండో ఈకమార్పు పెళ్ళి కోసమే పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. 1959లో పక్షిశాస్త్రవేత్తలు హంఫ్రీ, పార్క్స్ ఈకమార్పుల పేర్లను గూళ్ళ కాలం నుంచి విడదీసినప్పుడే ఆ నమ్మకానికి మొదటి బీట పడింది. 2020లో ర్యాన్ టెరిల్, ఆయన సహచరులు అమెరికా వార్బ్లర్ పిట్టల వంశవృక్షాన్ని తిరగేశారు. దూరం వలస పోయే వంశాల్లో, అంటే ఎండలో ఎక్కువ అరిగే వాటిల్లో, ముందు రెండో ఈకమార్పు వచ్చింది; కాలానికో రంగు అనేది దాని మీద తర్వాత ఎక్కింది. మరమ్మతు ముందు, సోకు తర్వాత. మన గిజిగాడికి వలస లేదు. కానీ వలస చేసే అరుగుదలను సీమ ఎండే చేయగలదని నా అనుమానం. దాన్ని రుజువు చేయడానికి ఒక్క జాతి చాలదు, ఒప్పుకుంటాను.

రెక్క చదవడం వల్ల లాభమేమిటని అడిగేవాళ్ళకు ఈక మీది గీతలు చూపాలి. వెలుతురుకు అడ్డుగా పట్టుకుంటే ముదురు, లేత చారలు కనిపిస్తాయి. ఒక్కో జత సుమారు ఒక రోజు పెరుగుదల. తిండి తగ్గిన రోజుల్లో చారలు ఇరుకవుతాయి. ఏడాదికి 600-700 మిల్లీమీటర్ల వాన, అదీ నైరుతి తప్పితే ఈశాన్యం మీద ఆశ పెట్టుకునే కడప, కర్నూలు పిట్టలకు ఈక పెరిగే రోజుల్లో కరువు తగిలిందో లేదో ఆ చారల్లో చూడొచ్చు. పట్టకుండానూ కొంత తెలుస్తుంది. గూళ్ళ కాలం అయిపోయాక గిజిగాళ్ళ గుంపు ఎగిరేటప్పుడు తీసిన ఫోటోలో రెక్క మధ్య ఖాళీ ఎక్కడుందో చూడండి. లోపలి వైపుంటే ఈకమార్పు ఇప్పుడే మొదలైంది, కొసకు చేరితే ముగింపుకొచ్చింది. ఊరు, తేదీ రాసిపెట్టుకుంటే ఆ ఏడు గూళ్ళు ఎప్పుడు ముగిశాయో వెనక్కి లెక్క కట్టొచ్చు.