హీత్‌క్లిఫ్‌కి ఇంటిపేరు ఎందుకు లేదు?
'వుదరింగ్ హైట్స్' తెర రూపాలపై ఒక పరిశీలన

'వుదరింగ్ హైట్స్' పేరెత్తగానే ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్లు 'అమర ప్రేమ' అనేస్తారు. 1847లో ఎమిలీ బ్రాంటే మారుపేరుతో అచ్చేసిన ఈ నవలను మేం అలా చదవలేకపోయాం. మాకిది ఒక ఇంట్లోకి వచ్చి కూడా ఇంటివాడు కాలేకపోయిన పిల్లాడి కథ. ఆ పిల్లాణ్ణి సినిమా ఏం చేసింది? ఇదే మా ప్రశ్న.

ముందు నవల సంగతి. ఎర్న్‌షా దొర లివర్‌పూల్ వీధుల్లో దొరికిన ఒక నల్లటి పిల్లాణ్ణి ఇంటికి తెస్తాడు. లివర్‌పూల్ అంటే ఆనాడు బానిసల వ్యాపారం మీద బలిసిన రేవు. పిల్లాడి మాట ఎవరికీ అర్థం కాదు. అతన్ని మనిషిగా కాదు, ఒక వస్తువును అన్నట్టు 'అది' అంటారు. మొదటి రాత్రి పిల్లలు తమ గదిలోకి రానివ్వరు, పనిమనిషి నెల్లీ మెట్ల దగ్గర వదిలేస్తుంది. చచ్చిపోయిన కొడుకు పేరు ఒకటి ఖాళీగా ఉంటే అది పెడతారు. పేరూ అదే, ఇంటిపేరూ అదే. పొరుగింటి లింటన్ దొర ఇతన్ని చూసి 'లాస్కర్' కావచ్చంటాడు. లాస్కర్లంటే ఇంగ్లీషు ఓడల్లో చాకిరీ చేసిన మన వైపు నావికులు. పెద్దాయన పోగానే కొడుకు హిండ్లీ ఇతనికి చదువు మాన్పించి పొలం పనికి తోలతాడు. ఇతన్ని చేసుకుంటే తన స్థాయి దిగజారుతుందని కేథరిన్ అన్న మాట హీత్‌క్లిఫ్ చెవిన పడుతుంది. ఇంగ్లండు పల్లెలో మన కులాన్ని వెతకటం మా ఉద్దేశం కాదు. కానీ గడప దాటనివ్వకపోవటం, అక్షరం దూరం చేయటం, పెళ్లి దగ్గర పుట్టుక గుర్తుకు రావటం - ఈ మూడూ మనకు కొత్త కాదు గదా!

జనానికి బాగా గుర్తున్న తెర రూపం 1939లో విలియం వైలర్ తీసింది. నవల్లో ముప్పై నాలుగు అధ్యాయాలుంటే సినిమా సగం దగ్గరే ఆగిపోయింది. లారెన్స్ ఒలివియర్ హీత్‌క్లిఫ్ అందమైన తెల్ల గుర్రాలవాడు. రంగు పోయింది, పేదరికం మాత్రం మిగిలింది. చివర్లో ఇద్దరి ఆత్మలూ మంచులో కలిసి నడుస్తాయి. దర్శకుడు వద్దన్నా నిర్మాత గోల్డ్‌విన్ పట్టుబట్టి పెట్టించిన దృశ్యమది. చావు తర్వాత కలిపేస్తే బతికుండగా విడగొట్టింది ఎవరన్న ప్రశ్న ఇక అక్కర్లేదు.

అసలు మెలిక మరోచోట ఉంది. ఈ సినిమాలో కేథరిన్ వేషం వేసిన మెర్ల్ ఒబెరాన్ 1911లో బొంబాయిలో పుట్టింది. ఆమెది ఆసియా రక్తం కలిసిన కుటుంబం. ఆ సంగతి బయటపడితే వేషాలుండవు కాబట్టి టాస్మేనియాలో పుట్టానని జీవితమంతా చెప్పుకుంది. 1979లో ఆమె చనిపోయాకే నిజం లోకానికి తెలిసింది. అంటే నల్లవాడు కావలసిన పాత్రలో తెల్లవాడు, తెల్లది కావలసిన పాత్రలో పుట్టుక దాచుకున్న మనిషి! తెర మీద దాచిన రంగు తెర వెనక దాక్కుని బతికింది. మేం ఆమెను తప్పు పట్టటం లేదు. పుట్టుక చెప్పుకుంటే అద్దెకు ఇల్లు దొరకని వాళ్లకు ఆ భయం ఏంటో తెలుసు.

మన హిందీ సినిమా ఏం చేసింది? 1966లో కర్దార్ దర్శకత్వంలో 'దిల్ దియా దర్ద్ లియా' వచ్చింది. దిలీప్ కుమార్ శంకర్, వహీదా రెహమాన్ రూప. ఠాకూరు ఇంట్లో దెబ్బలు తినే అనాథ చివరికి రాజవంశం బిడ్డ అని తేలుతుంది. ఎంత సుఖమైన పరిష్కారం! నవల్లో హీత్‌క్లిఫ్ రాజుల బిడ్డ కావచ్చన్నది పిల్లాణ్ణి ఓదార్చటానికి నెల్లీ చెప్పిన ఊహ. ఇక్కడ ఆ ఊహే నిజమైపోయింది. గొప్పింటి పిల్లను ప్రేమించాలంటే గొప్ప రక్తం ఉండాల్సిందేనన్న మాట. కులం లేదని చెప్పే సినిమా కులాన్ని కాపాడేది ఈ పద్ధతిలోనే.

2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ మొదటిసారి పెద్దతెర మీద నల్లజాతి నటులకు ఈ పాత్ర ఇచ్చింది. చిన్నప్పటి హీత్‌క్లిఫ్ సాలమన్ గ్లేవ్, పెద్దయ్యాక జేమ్స్ హౌసన్. బురద, వాన, కొరడా దెబ్బలు అన్నీ అతని కళ్లతోనే చూస్తాం. ఇది పెద్ద అడుగు, ఒప్పుకుంటాం. అయినా 2024లో ఎమరాల్డ్ ఫెనెల్ తన సినిమాకి తెల్లవాడైన జేకబ్ ఎలోర్డిని తీసుకుంటున్నట్టు ప్రకటన రాగానే మళ్లీ పాత వాదనే మొదలైంది.

ఆర్నాల్డ్ కూడా రెండో తరం కథ వదిలేసింది. మా దృష్టిలో అసలు రాజకీయం అక్కడే ఉంది. డబ్బుతో తిరిగొచ్చిన హీత్‌క్లిఫ్ హిండ్లీ కొడుకు హేర్టన్‌కి తనకు జరిగిందే చేస్తాడు, చదువు లేకుండా పెంచుతాడు. ఇసబెల్లాని హింసిస్తాడు. అణిచినవాడి ఆయుధాన్నే చేతిలోకి తీసుకున్నవాడు విముక్తి కాలేడు. అతన్ని మన వీరుడని మొయ్యటం మా వల్ల కాదు. గుమ్మం మీద తన పేరే చెక్కి ఉన్నా చాలాకాలం చదవలేని హేర్టన్‌ని చిన్న కేథరిన్ మొదట వెక్కిరిస్తుంది, తర్వాత చదివిస్తుంది.

1992లో పీటర్ కోస్మిన్‌స్కీ ఈ భాగం ఉంచాడు. జూలియట్ బినోష్ తల్లీకూతుళ్లు రెండూ వేసింది, రాల్ఫ్ ఫైన్స్ హీత్‌క్లిఫ్. కానీ హీత్‌క్లిఫ్ ఇక్కడా తెల్లవాడే. రంగు చూపిన సినిమా అక్షరాన్ని వదిలేసింది, అక్షరాన్ని ఉంచిన సినిమా రంగును వదిలేసింది. రెండూ కలిపి చూపే సినిమా ఇంకా మేం చూడలేదు.

నవలకూ ఒక హద్దుంది. చివరికి అక్షరమూ ఆస్తీ తిరిగి చేరేది వంశానికే. హీత్‌క్లిఫ్ సమాధి రాయి మీద మాత్రం ఒక్క పేరూ, చచ్చిన తేదీ ఉంటాయి. ఇంటిపేరు లేదు, పుట్టిన రోజు తెలీదు. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీసే ఊళ్లలో పెరిగినవాళ్లు ఆ రాయి దగ్గర కాసేపు ఆగుతారు. కెమెరాలు మాత్రం ఇంకా కొండ మీద ప్రేమికుల కోసమే వెతుకుతున్నాయి.