మంత్రానికి ధర కట్టిన పట్టిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మాంత్రికుడి పాత్ర పట్టినవాళ్లకు ఒక పాత ఫిర్యాదుంది. ఒంట్లో మంత్రశక్తి మిగిలే ఉంటుంది, కానీ ఆ క్షణంలో కావలసిన మంత్రం మాత్రం వేయడానికి వీల్లేదంటాయి నియమాలు. ఈ చిక్కు తీర్చుకోవడానికి ఆటగాళ్లు తొలినాళ్ల నుంచీ తమ తమ బల్లల దగ్గర సొంత హౌస్ రూల్స్ రాసుకుంటూనే ఉన్నారు. అలాంటివాటిలో చాలా మటుకు ఒక చిల్లు పూడ్చి ఇంకోచోట రెండు పొడుస్తాయి. నన్ను నిజంగా ఆకట్టుకున్న నియమం మాత్రం ఆట అధికారిక పుస్తకంలోనే ఉంది. అది 2014లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో, ఇష్టమైతే వాడుకోమని ఇచ్చిన స్పెల్ పాయింట్ల నియమం. చదవడానికి పది నిమిషాలు పట్టదు. అందులోని పనితనం తెలియాలంటే మాత్రం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోవాలి.

ముందు ఆ చిక్కు ఎక్కడిదో చూడాలి. అమెరికన్ రచయిత జాక్ వాన్స్ 1950లో ‘ది డైయింగ్ ఎర్త్’ అనే కథల పుస్తకం ప్రచురించాడు. అందులో మంత్రాన్ని గ్రంథం చూసి మెదడులోకి ఎక్కించుకోవాలి. ఒకసారి ప్రయోగించగానే అది జ్ఞాపకంలోంచి చెరిగిపోతుంది. తుర్జన్ అనే మాంత్రికుడి బుర్రలో పెద్ద మంత్రాలు ఒకేసారి నాలుగే పడతాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను అచ్చు వేసినప్పుడు మాంత్రికుడి శక్తికి హద్దు గీయడానికి వాన్స్ ఊహనే తీసుకున్నారు. అప్పట్లో మొదటి లెవెల్ మాంత్రికుడికి, అంటే అప్పుడే ఆట మొదలుపెట్టినవాడికి, రోజంతటికీ దక్కేది ఒక్క మంత్రం. (వాన్స్ ఇంటిపేరులోని ఇంగ్లిష్ అక్షరాలను తారుమారు చేస్తేనే ఈ ఆటలో పేరుమోసిన మాంత్రికుడు వెక్నా పేరు వచ్చింది. రుణం ఒప్పుకోవడానికి ఇంతకన్నా అందమైన పద్ధతి నాకు తెలియదు.)

2014 నాటికి జ్ఞాపకం చెరిగిపోయే నియమం సడలింది, లెక్క మాత్రం మిగిలింది. మంత్రాలకు ఒకటి నుంచి తొమ్మిది వరకు మెట్లు. ఒక్కో మెట్టుకు రోజుకు ఇన్నని స్లాట్లు. విజార్డ్ అనే మాంత్రిక పాత్రకు ఐదో లెవెల్‌లో మొదటి మెట్టులో నాలుగు, రెండో మెట్టులో మూడు, మూడో మెట్టులో రెండు. ఇవి హోటల్ టోకెన్ల లాంటివి. దోసె టోకెనిచ్చి ఇడ్లీతో సరిపెట్టుకోవచ్చు, కానీ నాలుగు ఇడ్లీ టోకెన్లు కలిపి ఇచ్చినా దోసె రాదు. స్పెల్ పాయింట్ల నియమం ఈ టోకెన్లన్నీ వెనక్కి తీసుకుని చేతికి డబ్బే ఇస్తుంది. ఒక్కో మెట్టు మంత్రానికి ఒక్కో ధర ఉంటుంది. మొదటి మెట్టు నుంచి వరసగా 2, 3, 5, 6, 7, 9, 10, 11, 13 పాయింట్లు.

ఇక్కడే పెన్సిలు పట్టుకోవాలి. ఐదో లెవెల్‌కు పట్టిక ఇచ్చే పాయింట్లు 27. పాత స్లాట్లకు ఈ ధరలు కట్టి చూడండి. నాలుగు రెళ్లు ఎనిమిది, మూడు మూళ్లు తొమ్మిది, రెండు ఐదులు పది, మొత్తం 27. ఇరవయ్యో లెవెల్‌కు పట్టికలో 133 ఉంది. అక్కడి ఇరవై రెండు స్లాట్లకూ ధర కట్టినా సరిగ్గా 133 వస్తుంది. ఎక్కడా గుండ్రం చేసిన అంకె లేదు, కంటికి ఇంపుగా ఉంటుందని సవరించినదీ లేదు. మాంత్రికుడికి కొత్తగా ఒక్క పైసా కూడా ముట్టలేదు. మారింది ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ ఒక్కటే. ఇల్లు కూల్చకుండా ఒక గోడకు ద్వారం పెట్టడమంటే ఇదే.

ధరల వరసను ఇంకొంచెం దగ్గరగా చూడాలి. మెట్టుకు మెట్టుకు మధ్య పెరుగుదల మామూలుగా ఒకటి, కానీ మూడో మెట్టు, ఆరో మెట్టు, తొమ్మిదో మెట్టు ఎక్కేచోట మాత్రం రెండు. ఆ మూడు చోట్లా ఆట స్వభావమే మారుతుంది. మూడో మెట్టులో అగ్నిగోళం విసిరే ఫైర్‌బాల్, గాలిలో ఎగిరే మంత్రం ఉన్నాయి. ఆరో మెట్టులో మనిషిని బూడిద చేసే డిసింటిగ్రేట్ ఉంది. తొమ్మిదో మెట్టులో కోరినది జరిపించే విష్ ఉంది. మంత్రాల అసలు విలువ ఎక్కడ ఎగబాకుతుందో తెలిసినవాళ్లు కట్టిన ధరలివి. సోర్సరర్ అనే మరో మాంత్రిక పాత్రకు పాయింట్లు ఇచ్చి స్లాట్ తయారుచేసుకునే విద్య ఒకటుంది. అక్కడా ఐదో మెట్టు దాకా ధరలు ఇవే. అంటే ఈ నియమాన్ని బయటి నుంచి తెచ్చి అతికించలేదు, ఆట లోపల ఉన్న తూకాన్నే బయటికి తీసి చూపించారు. 2004లో వచ్చిన ‘అన్‌అర్త్‌డ్ ఆర్కేనా’ పుస్తకంలోనూ స్పెల్ పాయింట్లున్నాయి. అక్కడ ధరలు 1, 3, 5, 7 అంటూ బేసి సంఖ్యల్లో సాఫీగా పోతాయి. వాటికన్నా ఈ ఎగుడుదిగుడు వరసే నాకు నచ్చుతుంది, ఎందుకంటే మంత్రాలు నిజంగా ఎగుడుదిగుడుగానే ఉన్నాయి.

స్వేచ్ఛ ఇచ్చినవాళ్లు అది ఎక్కడ ఆటను విరిచేస్తుందో కూడా చూడాలి కదా! ఇరవయ్యో లెవెల్‌లో 133 పాయింట్లున్నవాడిని వదిలేస్తే, 13 చొప్పున రోజుకు పది తొమ్మిదో మెట్టు మంత్రాలు వేస్తాడు. పాత పద్ధతిలో దక్కేది ఒక్కటే. అందుకే ఆరో మెట్టు, ఆ పైవి మెట్టుకొకటి చొప్పునే, మళ్లీ లాంగ్ రెస్ట్ (సుదీర్ఘ విశ్రాంతి) తీసుకునేదాకా రెండోది కుదరదని ఒక షరతు పెట్టారు. రెండు వాక్యాల షరతు, కానీ నియమం మొత్తం దానిమీదే నిలబడింది. బల్లల దగ్గర రాసుకునే స్పెల్ పాయింట్ల నియమాల్లో ముందుగా ఎగిరిపోయేదీ ఇదే. రాక్షసులకు ఈ పద్ధతి వాడొద్దన్న సలహాను కూడా నేను పనితనం కిందే లెక్కవేస్తాను. ఆట నడిపే డంజన్ మాస్టర్ ఒక్కడే అరడజను రాక్షసుల ఖాతాలు రాస్తూ కూర్చుంటే ఆట సాగదని రాసినవాళ్లకు తెలుసు.

లోటు లేదా అంటే ఉంది, అది కూడా కింది లెవెల్‌లోనే. ఐదో లెవెల్ విజార్డ్ పాత స్లాట్లతో రెండు ఫైర్‌బాల్స్ వేస్తాడు. ఇప్పుడు 27 పాయింట్లతో ఐదు వేసి, మిగిలిన రెంటితో ఒక షీల్డ్ మంత్రం కూడా వేసుకోవచ్చు. ఒక్కో ఫైర్‌బాల్‌కు ఎనిమిది పాచికలు, సగటున 28 దెబ్బలు, అదీ ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్న అందరికీ. పక్కన కత్తి పట్టుకుని నిలబడిన ఫైటర్‌కు ఇక మిగిలేది చూస్తూ ఉండటమే. ఆరో మెట్టుకు పెట్టిన షరతు మూడో మెట్టుకు ఎందుకు లేదని అడగడం న్యాయమే. కానీ అదే పుస్తకం ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు వస్తాయని అంచనా వేసుకుంది. అన్నిటికీ సర్దుకోవలసిన 27 పాయింట్లను మొదటి పోరులోనే ఊదేసినవాడు మిగతా రోజంతా చిన్న చిన్న చిట్కా మంత్రాలతో నెట్టుకొస్తాడు. రోజుకు ఒకటో రెండో పోరాటాలు జరిగే బల్లల దగ్గరే చిక్కు. అక్కడ ఈ నియమం మాంత్రికుడికి పండగ, మిగతావాళ్లకు శిక్ష. నేనైతే అలాంటి బల్ల దగ్గర తనకు అందిన అతి పెద్ద మెట్టు మంత్రాలకు రోజుకు మూడని హద్దు పెడతాను. ధరల జోలికి మాత్రం వెళ్లను.

గైగాక్స్‌కు స్పెల్ పాయింట్ల ఆలోచనే గిట్టేది కాదు. 1978లో ‘ది డ్రాగన్’ పత్రికలో వాటిని తప్పుపడుతూ రాశాడు. ముప్పై ఆరేళ్ల తర్వాత అవి అదే ఆట డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే చోటు సంపాదించుకున్నాయి. ఆయన వ్యతిరేకత అకారణమని నేననను. స్వేచ్ఛ పెరిగేకొద్దీ మాంత్రికుడు ఒకే మంత్రాన్ని పట్టుకు వేలాడే ప్రమాదం ఐదు ఫైర్‌బాల్స్ లెక్కలో ఇంకా బతికే ఉంది. అయినా ఉన్న శక్తిని పెంచకుండా, అనుభవంతో కట్టిన ధరలతో, ప్రమాదం ఉన్నచోట మాత్రమే తలుపు వేసి రాసిన ఈ నియమం నేను చదివిన మాంత్రిక నియమాలన్నిటిలో ఉత్తమమైనది. మీ బల్ల దగ్గర మాంత్రికుల కోసం సొంత నియమం రాసుకునే పనైతే, దాన్ని ఆటలోకి తెచ్చేముందు ఐదో లెవెల్‌కూ ఇరవయ్యో లెవెల్‌కూ ఒకసారి లెక్క కట్టి చూడండి.